అరణి నుంచి తిరగలి దాకా

రాపిడిలో నిప్పు పుడుతుంది, గంధం పరిమళిస్తుంది, బంగారం నిగ్గు తేలుతుంది. మరి ఆ రాపిడిలో అరిగిపోయేదాని సంగతేమిటి?

1975 ఏప్రిల్ నెలలో కేరళలోని పాంజాళ్ గ్రామంలో నంబూద్రి బ్రాహ్మణులు అతిరాత్ర అగ్నిచయనం జరిపారు. పన్నెండు రోజులు సాగిన ఆ వైదిక క్రతువును ఫ్రిట్స్ స్టాల్ అనే డచ్ పండితుడు ఫిలిం మీదికీ, టేపుల మీదికీ ఎక్కించే ఏర్పాటు చేశాడు. ఇటువంటి క్రతువు సాగాలంటే ముందుగా నిప్పు పుట్టాలి. అగ్గిపెట్టె ఆ ఊళ్ళో దొరకని వస్తువేమీ కాదు. అయినా శాస్త్రం దానిని ఒప్పదు. కింద ఒక కొయ్య పలక, దాని గుంటలో నిలబెట్టిన మరొక కొయ్య. ఒకరు పైనుంచి అదిమి పట్టుకుంటే మరొకరు దానికి చుట్టిన తాడును, కవ్వం తాడు లాగినట్టు, ఇటూ అటూ లాగాలి. మొదట కమురు వాసన వస్తుంది. తరువాత పొగ. గుంట అంచున చేరిన నల్లటి పొడిలో చివరకు ఎర్రని కణిక ఒకటి కళ్ళు తెరుస్తుంది. దానిని పీచులోకి తీసుకుని మెల్లగా ఊదితే మంట. ఆ రెండు కొయ్యలకే అరణి అని పేరు. 2011లో అదే గ్రామంలో క్రతువు మరల జరిగింది.

నిజానికి అగ్గిపెట్టె మాత్రం చేసేదేమిటి? పుల్ల తలలో పొటాషియం క్లోరేటు, పెట్టె పక్కన ఎర్ర భాస్వరం. ఒకదానికొకటి రాసుకుంటే తప్ప రెండూ నోరు మెదపవు. శివకాశి నుంచి వచ్చి చొక్కా జేబులో ఇమిడే ఆ చిన్న పెట్టె కూడా ఒక అరణియే.

కట్టెలో నిప్పు ముందే ఉన్నదా, లేక రాపిడి దానిని కొత్తగా పుట్టించిందా? తాడు లాగిన చేతుల శ్రమే వేడిగా మారిందని భౌతికశాస్త్రం చెబుతుంది. పూర్వులు మరొక విధంగా ఆలోచించారు. నిప్పు కట్టెలో దాగి ఉన్నది, గర్భిణి కడుపులో శిశువు ఉన్నట్టు ఉన్నది అని ఋగ్వేదం మూడవ మండలంలోని ఒక సూక్తం భావించింది. శ్వేతాశ్వతరోపనిషత్తు ఈ ఊహను ఇంకా ముందుకు తీసుకువెళ్ళింది. నువ్వులలో నూనె, పెరుగులో వెన్న, అరణిలో అగ్ని ఎలా ఉన్నాయో మనిషిలో ఆత్మ అలా ఉన్నదట; దేహాన్ని కింది అరణిగా, ఓంకారాన్ని పై అరణిగా చేసి మథించాలట. బయటినుంచి తెచ్చి పోసేది ఏమీ లేదు. ఉన్నదానిని వెలికి తీయడమే పని.

అంతవరకు ఊహ మనోహరంగానే ఉన్నది. కాని ఆ ఋషులే, కంటికి కనిపించినదానిని దాచకుండా, మరొక మాట కూడా చెప్పారు. అగ్నికి ఇద్దరు తల్లులు, ఆ రెండు కొయ్యలు. పుట్టీ పుట్టగానే ఆ బిడ్డ తన తల్లులనే తినివేస్తాడు. ఋగ్వేదం పదవ మండలంలో ఈ వింతను తలచుకుని కవి విస్తుపోతాడు. రాపిడిని గురించి ఈ దేశంలో పుట్టిన కథలలో చాలా భాగం మొదటి మాటనే పట్టుకున్నాయి. రెండవ మాటను తలచినవి తక్కువ.

అరణికి కావలసిన కొయ్య ఏ చెట్టుదైనా చాలదు. జమ్మిచెట్టు మీద గాని, దానిని పెనవేసుకుని గాని పెరిగిన రావికొమ్మ శ్రేష్ఠమంటారు. దానికి ఒక ప్రేమకథ ఉన్నది. ఊర్వశిని పోగొట్టుకున్న పురూరవుడికి గంధర్వులు ఒక పాత్రలో అగ్నిని పెట్టి ఇచ్చారు. అతడు దానిని అడవిలో వదిలి వెళ్ళి, తిరిగి వచ్చి చూసేసరికి నిప్పు ఉన్న చోట రావిచెట్టు, పాత్ర ఉన్న చోట జమ్మిచెట్టు మొలిచి ఉన్నాయి. ఆ కొమ్మలను ఒరిపిడి చేసి పోయిన నిప్పును మళ్ళీ సంపాదించుకున్నాడు. యజ్ఞ పరిభాషలో నేటికీ కింది అరణి ఊర్వశి, పై అరణి పురూరవుడు. విడిపోయిన దంపతులు యాగశాలలో మాత్రం ప్రతిసారీ కలుసుకుంటారు.

వ్యాసుడు అరణి మథిస్తున్న వేళ అప్సరస ఘృతాచి కంటపడడం, ఆ అరణి నుంచే శుకమహర్షి జన్మించడం మహాభారతంలోని శాంతిపర్వ కథ. అందుకే ఆయనకు ఆరణేయుడని మరో పేరు. ఇంతకంటె చక్కని ముచ్చట అరణ్యపర్వం చివర ఉన్నది. యక్షప్రశ్నలు తెలియని తెలుగువాడు ఉండడు. ఎర్రన పూరించిన భాగంలో అవి మనకు దక్కాయి. అయితే ఆ కథ దేనితో మొదలయినదో గుర్తుంచుకున్నవారు తక్కువ. ఒక పేద బ్రాహ్మణుడు తన అరణిని చెట్టుకు తగిలించుకున్నాడు. ఒక లేడి వచ్చి ఆ చెట్టుకు ఒళ్ళు రాసుకున్నది. రాసుకుంటూ ఉండగా అరణి కాస్తా దాని కొమ్ములకు చిక్కుకున్నది. బెదిరిన లేడి పరుగు, దాని వెంట పాండవుల పరుగు, దాహం, మడుగు, నలుగురు తమ్ముల మరణం, యక్షుని ప్రశ్నలు: అన్నింటికీ మూలం ఒక జంతువు ఒంటి దురద. చివరకు వరం కోరుకొమ్మన్నప్పుడు ధర్మరాజు మొదట అడిగినది రాజ్యం కాదు. ఆ బ్రాహ్మణుడి కొయ్యలు అతనికి చేరాలన్నాడు.

వీపు మీద కొండ

దేశంలో అందరికీ తెలిసిన మహా రాపిడి సముద్ర మథనం. మందర పర్వతం కవ్వం, వాసుకి తాడు, తాబేటి వీపు కుదురు. కొండ తిరుగుతుంటే ఏమయిందో మహాభారత ఆదిపర్వం కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. కొండ మీది చెట్లు ఒకదానితో ఒకటి రాసుకుని దావాగ్ని లేచింది. ఏనుగులూ సింహాలూ అందులో కాలిపోయాయి. ఇంద్రుడు వాన కురిపించి ఆ మంటను చల్లార్చవలసి వచ్చింది. అప్పుడు చెట్ల జిగురులూ మూలికల రసాలూ కరిగి సముద్రంలోకి ప్రవహించాయి. అమృతానికి అవే ముడిసరుకు అయినాయి. అంటే అమృతం పాలలోనుంచి మాత్రమే రాలేదు. కొండ మీది అడవి కాలగా వచ్చినది. పంపకం వేళ దేవతలకూ రాక్షసులకూ తగవు వచ్చింది గాని ఆ అడవికి ఏ వాటా ఉన్నదన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

భాగవతంలో ముందు బయటపడినది అమృతం కాదు, హాలాహలం. చిలికేవాడు కోరుకున్నదే రావాలన్న నియమం మథనానికి లేదని చెప్పడంలో పౌరాణికుడి అనుభవం తెలుస్తున్నది. ఆ గ్రంథంలోనే మరొక కొంటె ఊహ ఉన్నది. దేవదానవులు చెమటలు కక్కుతూ కొండను తిప్పుతుంటే, కింద దానిని మోస్తున్న కూర్మమూర్తికి వీపు గోకినట్టు హాయిగా ఉన్నదట. గ్రంథం చివర ఆ తాబేలుకు కునుకు పట్టడం కూడా ప్రస్తావనకు వస్తుంది. ఒకరి ప్రాణాంతక శ్రమ మరొకరికి కండూతి నివారణ.

మథించినది పాలనే కాదు, శవాలను కూడా. వేనుడనే దుష్ట రాజును ఋషులు చంపి, రాజు లేక రాజ్యం అల్లకల్లోలం కాగా అతని తొడను మథించారు. పొట్టిగా నల్లగా ఒకడు పుట్టాడు. కూర్చోమన్నారు, నిషాదుడయినాడు. రాజు పాపమంతా తీసుకుని అడవి పట్టాడు. తరువాత భుజాన్ని మథిస్తే పృథు చక్రవర్తి పుట్టాడు. అతని పేరనే భూమి పృథ్వి అయినది. ఒకే దేహం, అవే చేతులు, అదే రాపిడి. తొడలోనుంచి వచ్చినవాడికి అడవి, భుజంలోనుంచి వచ్చినవాడికి సింహాసనం. అడవి మనుషులను పాపసంతానంగా చూపడానికి ఏలికల పక్షాన అల్లిన కథ ఇది అనుకోవడంలో తప్పులేదు. నిమి కథ దీనికంటె సాత్వికమైనది. సంతానం లేకుండా దేహం విడిచిన ఆ రాజును మథించగా పుట్టిన కుమారుడికి మథనం వల్ల పుట్టినందున మిథిలుడనే పేరు వచ్చిందనీ, అతని పేరనే మిథిల వెలసిందనీ పురాణాలు చెబుతాయి. మైథిలి అన్న సీత పేరులో కూడా ఆ కవ్వపు చప్పుడు దాగి ఉన్నది.

ఇక ఇంటిలోకి వస్తే, ప్రతి వినాయక చవితికీ తెలుగువారు అక్షతలు చేత పట్టుకుని వినే కథ కూడా రాపిడి కథే. పార్వతి నలుగు పెట్టుకుంటూ, ఆ నలుగు పిండితో ఒక బొమ్మను చేసి ప్రాణం పోసి వాకిట కాపలా ఉంచింది. శివపురాణం ఆమె ఒంటి మలినంతో చేసిందని నిర్మొహమాటంగానే చెబుతుంది. ఒంటి మీదినుంచి రుద్ది పారవేసేదే తొలిపూజ అందుకునే దైవం కావడం ఆశ్చర్యమే. సున్నిపిండీ పసుపూ నువ్వులనూనే కలిపి ఒళ్ళు నలిచే అలవాటు లేని దేశంలో ఈ కథ పుట్టి ఉండేది కాదు. పెళ్ళిలో నలుగు, దీపావళి నాటి తెల్లవారుజామున తలంటు, బాలింత ఒడిలో పసిబిడ్డకు నూనె మర్దన... రాపిడి లేని శుభకార్యం మనకు లేదు. నూనె పట్టిన కుండ, నూనె పట్టిన తోలు, కందెన వేసిన బండి ఇరుసు ఎలా గట్టిపడతాయో అభ్యంగనంతో దేహం అలా గట్టిపడుతుందని చరకుడు పోల్చాడు. ఇరుసును ఎత్తుకోవడంలోనే వైద్యుడి సూక్ష్మదృష్టి ఉన్నది: రాపిడిలో అరగకుండా కాపాడేది కూడా మరొక రాపిడియే.

ఈ మర్దన సముద్రాలు దాటిన కథ కూడా చెప్పుకోదగినది. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, ఐర్లండు చేరి, చివరకు ఇంగ్లండు సముద్రతీరంలోని బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానశాల తెరిచాడు. ఒళ్ళు పట్టే విద్యకు అక్కడ ఎంత గిరాకీ వచ్చిందంటే నాలుగవ జార్జి రాజుకు అతడు ఆస్థాన మర్దనవైద్యుడయినాడు. 1822లో ఆ విద్య మీద పుస్తకం కూడా అచ్చు వేశాడు. అదుము, ఒత్తు అని చెప్పే హిందీ ‘చాంపో’ ఇంగ్లీషువారి నోట షాంపూ అయి, కొన్నాళ్ళకు అర్థం మార్చుకుని, సీసాలోకి ఎక్కి మన ఇంటికే తిరిగి వచ్చింది.

సాన మీద గంధం

రాపిడిని పొగడదలచినవారు తప్పకుండా ఎత్తుకునే వస్తువు గంధపు చెక్క. చిత్రకూటం ఘాట్‌లో తులసీదాసు గంధం తీస్తుండగా రాముడే వచ్చి ఆ గంధంతో బొట్టు పెట్టి వెళ్ళాడన్న కథ హిందీ దేశమంతటా ప్రచారంలో ఉన్నది. కంసుడి కోసం మైపూత తీసుకుపోతున్న కుబ్జ దానిని కృష్ణుడికి పూసింది. ఆమె గూని వదిలిపోయింది. విశాఖపట్నం దగ్గరి సింహాచలంలో వరాహ నరసింహస్వామి సంవత్సరమంతా గంధపు పూత కిందనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు, అనగా అక్షయ తృతీయ నాడు, ఒక్క దినం మాత్రం నిజరూపం చూపి, ఆ రాత్రి మళ్ళీ గంధంలోకి వెళ్ళిపోతాడు. ఒక్కొక్క విడతకు మూడు మణుగుల గంధం, ఏడాదికి నాలుగు విడతలు. చెక్కను సాన మీద పెట్టి, నీరు చిలకరిస్తూ, చేతులతో అరగదీయవలసిందే. చందనోత్సవానికి రోజుల ముందు నుంచే ఆ అరగదీత సాగుతుంది. నాజూకుగా చిటికెడు గంధం తీసిన వారికి కూడా మణికట్టు నొప్పి తెలుసు. మణుగుల లెక్క ఏమిటో వారే ఊహించుకోగలరు.

గాడిదకేం తెలుసు గంధపు వాసన అన్న సామెతలో గాడిద చెక్కలను మోస్తుంది, అరగదీయదు. బరువు తెలుస్తుంది గాని పరిమళం తెలియదు. వాసన ఒరిపిడిలోనే ఉన్నదన్న ఎరుక ఆ ఎత్తిపొడుపు వెనుక ఉన్నది. ఇక్కడినుంచి ఉపన్యాసకులు మరో అడుగు వేస్తారు. ఎంత అరగదీసినా గంధపు చెక్క సువాసననే ఇస్తుంది, ఉత్తములు కూడా అటువంటివారే అంటారు. పదవీ విరమణ సభల్లోనూ, సంతాప సభల్లోనూ ఈ పోలిక వినపడుతూనే ఉంటుంది. ఫలానా అమ్మ గంధపు చెక్కలా అరిగిపోయి సంసారాన్ని నిలబెట్టింది, ఫలానా గుమాస్తా గంధపు చెక్కలా అరిగిపోయి సంస్థకు పేరు తెచ్చాడు. పోలిక ఎత్తేది ఎప్పుడూ గంధం పూసుకున్నవారే. చెక్క వైపు నుంచి ఈ మాట విన్నవారు ఎవరూ లేరు. పైగా శ్రీగంధపు చెట్టు నిజ స్వభావం వేరు. దాని వేళ్ళు చుట్టుపక్కల చెట్ల వేళ్ళకు అతుక్కుని కొంత ఆహారం లాగుకుంటాయి. వృక్షశాస్త్రం దానిని అర్ధ పరాన్నజీవుల జాబితాలో చేర్చింది. త్యాగానికి ప్రతిమగా నిలబెట్టిన చెట్టుకే ఇంత లౌక్యం ఉన్నప్పుడు మనుషులను పూర్తిగా అరిగిపొమ్మనడం న్యాయం కాదు.

బంగారం సంగతి వేరు. అది అరగడానికి కాదు, పరీక్షకు రాయి ఎక్కుతుంది. ఒరగల్లు, గీటురాయి అని మనకు రెండు పేర్లున్నాయి. నల్లని నునుపైన రాతి మీద నగను గీస్తే పడే చార రంగును, పాళ్ళు తెలిసిన బంగారం చారతో పోల్చి వన్నె చెబుతారు. ఆమ్లం చుక్క వేసి చార నిలుస్తుందో లేదో చూస్తారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ఈ రాళ్ళ మంచిచెడ్డలు ఉన్నాయి. కళింగ దేశపు పెసర రంగు రాయి మేలయినదట. అంతకంటె ఆసక్తికరమైనది మోసాల పట్టిక. గోటి సందున ఎర్రమన్ను దాచుకుని, గీసేటప్పుడు రాతి మీదికి రాల్చి, తక్కువ బంగారాన్ని ఎక్కువ వన్నెదిగా చూపే ఉపాయం అందులో ఉన్నది. అంటే రాయి అబద్ధం చెప్పదు గాని గీసే వేలు చెప్పగలదు. సత్యానికి గీటురాయి, ప్రజాస్వామ్యానికి గీటురాయి అని సంపాదకీయాలు రాసేవారు ఆ గోటిని కూడా గుర్తుంచుకోవాలి. 2021 నుంచి మన దేశంలో నగలపై హాల్‌మార్కు ముద్రను దశలవారీగా తప్పనిసరి చేశారు, కిరణాలతో వన్నె కొలిచే యంత్రాలు వచ్చాయి. అయినా బంగారం తాకట్టు పెట్టుకునే కొట్లో నల్లరాయి ఇంకా బల్ల మీదనే ఉన్నది.

విదేశీ కథ ఒకదానిని ఇక్కడ పక్కన పెట్టి చూడవచ్చు. అల్లావుద్దీన్ దీపం కథను సిరియాకు చెందిన హన్నా దియాబ్ నోట విని, 18వ శతాబ్దం తొలినాళ్ళలో గాలాన్ అనే ఫ్రెంచి రచయిత తన అరేబియన్ నైట్స్ అనువాదంలో చేర్చాడు. అందులో దీపాన్ని మొదట రుద్దినది అల్లావుద్దీన్ కాదు, అతని తల్లి. ఇంట్లో తిండి లేదు. దీపం అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి. తోమితే కాస్త ఎక్కువ వస్తాయి. ఇసుకతో రుద్దబోయింది, భూతం ప్రత్యక్షమైనది. ఆమె మూర్ఛపోయింది. ఆ దీపం ఎన్నిసార్లు రుద్దినా అరగదు, భూతానికి అలసట లేదు. మన అరణిలో అటువంటి బానిస లేడు. లాగిన చేతులదే శ్రమ, కాలిన కొయ్యదే నష్టం.

మాటల్లో మిగిలిన రాపిడి

పురాణం దాచినదానిని వాడుక భాష దాచలేదు. ఈ ఒక్క పనికి తెలుగులో ఎన్ని మాటలో చూడండి: రుద్దు, రాయు, పూయు, పాము, తోము, నూరు, రుబ్బు, నలుచు, నులుము, చిలుకు, ఒరయు, అరగదీయు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చేయి, ఒక్కొక్క ఒత్తిడి. ఘర్షణ అన్న సంస్కృత పదానికి అసలు అర్థం రాసుకోవడమే. నేటి దినపత్రికలో ఆ మాట కనిపిస్తే ఎక్కడో కర్రలు లేచాయని అర్థం. అదే పనిని తెలుగులో చెప్పి, ఫలానా ఇద్దరు రాసుకుని పూసుకుని తిరుగుతున్నారంటే వారి నడుమ చనువు ఎక్కువని. దగ్గరితనానికీ తగవుకూ కారణం ఒకటేనని చెప్పడానికి ఇంతకంటె వ్యాఖ్యానం అవసరం లేదు.

ఇష్టం లేని భాషనో చట్టాన్నో జనం మీద రుద్దారంటాం. గంధమైనా సరే, ఒప్పుకోని ఒంటికి రుద్దితే అది దౌర్జన్యమే. మంత్రి అధికారులకు తలంటారంటే నూనె సీసా వెతుక్కోనక్కరలేదు. అమ్మ చేతి తలంటులో కుంకుడు పులుసు కళ్ళలో పడిన మంటే ఆ జాతీయానికి పునాది. మసి పూసి మారేడుకాయ చేసేవారు ఉన్నారు. కారాలు మిరియాలు నూరేవారు, కత్తులు నూరేవారు ఉన్నారు. చెప్పులరిగేలా కచేరీల చుట్టూ తిరిగే అర్జీదారుడున్నాడు. అతని అరుగుదలకు ఏ పరిమళమూ పుట్టదు. రాచి రంపాన పెట్టే అత్తలను గూర్చి మన కథలు నిండా చెప్పాయి. కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్న సామెత మరీ గడుసుది. చిన్న గాయాన్ని రుద్దీ గోకీ పెద్దది చేసుకునే గుణం కోతికి మాత్రమే ఉన్నదని దానిని పుట్టించినవారు అనుకొని ఉండరు.

పరాభవానికి కూడా రాపిడియే గుర్తు. తెలుగులో ముక్కు నేలకు రాయిస్తారు. హిందీలో కూడా ముక్కే రుద్దుతారు. దిక్కులేని చావు చచ్చాడనడానికి ఉర్దూ హిందీలలో మడమలు రాచుకుంటూ పోయాడంటారు. ఆ మడమలకే ఇంకో కథ ఉన్నది. ఎడారిలో నీటి కోసం తల్లి హాజిరా కొండల నడుమ పరుగెత్తుతుండగా పసివాడు ఇస్మాయిల్ ఏడుస్తూ మడమలు నేలకు రాచిన చోట జంజం ఊట ఉబికిందని ఉపఖండంలోని ముస్లిం ఇళ్ళలో పిల్లలకు చెబుతారు. చావుకు గుర్తయిన చేష్టే అక్కడ బతుకు ఊట అయింది.

మరొక చిత్రం తెలుగుకే సొంతం. ఒంటికి నూనె రాస్తాం, కాగితం మీద ఉత్తరం రాస్తాం. పాత తెలుగులో ఇవి వేర్వేరు రూపాలు. రచనకు వ్రాయడం అన్న రూపం ఉండేది. వాడుకలో వకారం రాలిపోయి రెండూ ఒకటయినాయి. ఆ కలయిక తాళపత్రాల కాలంలో మరింత నిజం. గంటంతో ఆకు మీద గీసిన అక్షరం కంటికి ఆనదు. ఆ తరువాత మసినో ఆకు పసరునో దాని మీద రుద్ది తుడిస్తే, గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు పైకి తేలుతాయి. కావ్యమైనా కౌలు పత్రమైనా రాసిన తరువాత మళ్ళీ రాయవలసిందే.

రాతి కింద పాట

రాపిడి కథలన్నింటిలో నిత్యమైనది తిరగలి. కబీరు ఒకనాడు తిరగలిని చూసి, రెండు రాళ్ళ నడుమ పడిన గింజ ఏదీ మిగలదు గదా అని కన్నీరు పెట్టాడంటారు. అతని కొడుకు కమాల్, నడిమి మేకును అంటిపెట్టుకున్న గింజలు మిగిలే ఉంటాయని ఊరడించాడంటారు. దైవాన్ని పట్టుకున్నవాడికి భయం లేదని భావం. తిరగలి దగ్గర కూర్చున్న ఇల్లాలు మాత్రం ఆ మేకు పక్కన చిక్కుకున్న గింజలను కూడా వేలితో తోసి పిండి చేస్తుంది. మగవారి వేదాంతానికీ ఆడవారి వంటింటికీ ఈ తేడా ఎప్పుడూ ఉన్నదే.

మహారాష్ట్రలో జనాబాయి కథ వేరే విధంగా నడుస్తుంది. ఆమె పంఢరపురంలో భక్తకవి నామదేవుడి ఇంట పనిమనిషి. తెల్లవారుజామున ఒంటరిగా విసరలేక అలసిపోతే విఠలుడే వచ్చి ఎదుట కూర్చుని పిడి పట్టుకునేవాడట. పురాణాలలో దేవుళ్ళు కొండతో కడలిని చిలికారు. ఇక్కడ దేవుడు ఒక పనిమనిషి వంతు జొన్నలు విసిరాడు. చేతులు కాయలు కాచిన వారు కల్పించుకున్న దేవుడు గనుకనే ఇలా ఉన్నాడు.

ఆ చేతులు ఊరికే ఉండలేదు, పాడాయి. తిరగలి ఒక చుట్టుకు ఒక మాట, నాలుగు చుట్లకు ఒక చరణం. మగవారు లేవకముందు, అత్త వినకముందు, రాతి చప్పుడు చాటున స్త్రీ తన మాట తాను చెప్పుకోగలిగిన వేళ అది. పుట్టింటి దారి, అన్న బండి, తాగుబోతు మగడు, సీత అడవికి పోయిన వైనం, తరువాతి కాలంలో అంబేద్కర్, అన్నీ అందులోకి వచ్చాయి. పుణేకు చెందిన పరిశోధకులు హేమా రాయిర్కర్, గీ ప్వాతవాఁ తమ సహచరులతో కలిసి మహారాష్ట్ర పల్లెలు తిరిగి లక్షకు పైగా తిరగలి పాటలను సేకరించారు. ఆ సంపద ఇప్పుడు ‘పారి’ అనే గ్రామీణ సమాచార నిధిలో భద్రంగా ఉన్నది, వినడానికి కూడా దొరుకుతుంది. మన విసుర్రాయి పాటలకు, దంపుడు పాటలకు అంతటి అదృష్టం పట్టలేదు. కొన్ని పుస్తకాలకు ఎక్కాయి. తక్కినవి పాడిన గొంతులతోనే పోయాయి.

పిండిమర ఊళ్ళోకి రాగానే ఈ పాట ఆగిపోయింది. దానికి విచారించేవారు ముందుగా ఒక సంగతి గమనించాలి. పిండిమరను ఆహ్వానించినది ఆ పాడిన స్త్రీలే. గంటల తరబడి రాతిని తిప్పి భుజాలు పడిపోయినవారికి మర చప్పుడు కర్ణకఠోరంగా వినిపించి ఉండదు. పాట పోయినందుకు నగరంలో కూర్చుని బాధపడడం తేలిక; పాట కోసం తిరగలిని మళ్ళీ తిప్పుతామని వారిలో ఎవరూ అనరు. పాటనూ నొప్పినీ ఒకే రాయి పుట్టించింది. రెండింటినీ వేరుచేసి ఒకదానిని దాచుకునే ఉపాయం టేపు రికార్డరు వచ్చాకనే దొరికింది.

తెలుగు ఇళ్ళలో తిరగలి ఇంకా పూర్తిగా సెలవు పుచ్చుకోలేదు. పెళ్ళి పనులు మొదలుపెట్టే రోజున, పసుపు దంచే వేడుకకు దానిని అటక మీదినుంచి దింపుతారు. కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పసుపు కొమ్ము కట్టిన దారం చుడతారు. ముత్తైదువలు ఇద్దరిద్దరుగా పిడి పట్టుకుని గుప్పెడు గింజలతో నాలుగు చుట్లు తిప్పుతారు. వారిలో పెద్దామె ఎవరైనా ఉంటే, ఎవరూ అడగకుండానే, చుట్టుకొక మాట చొప్పున ఏదో అందుకుంటుంది. రెండో చరణం దగ్గర ఫోటోలవాడు పిడి అలాగే పట్టుకుని ఇటు చూడమంటాడు.